కదిరప్ప సైకిలుకు సౌకర్యాలు

కదిరప్ప ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో నోరు జారింది ఒకే ఒక్కసారి. అదీ మర్యాద కోసం.

అతను వర్షపాత పరిశీలన శాఖలో తనిఖీదారు. అనంతపురం వైపు మూడు మండలాలు కలిపి ఒక సర్కిలు, ఆ సర్కిల్లో ఇరవై రెండు వర్షమాపకాలు. ఊళ్లవాళ్లు వాటిని వానడబ్బాలంటారు. నెలకోసారి ఆ ఇరవై రెండింటినీ చూసి, ఎంత వాన పడిందో, అసలు పడిందో లేదో రాసి సంతకం పెట్టి పంపాలి. అన్నీ చుట్టి వస్తే రెండు వందల అరవై కిలోమీటర్లు. బస్సు పోయే ఊళ్లు ఆరే. తక్కినవాటికి కంకరదారులు, గుట్టలు, వంకల్లో ఇసుక. కదిరప్ప ఆ చుట్టంతా సైకిలు మీదే తిరిగేవాడు. తొమ్మిది రోజులు పట్టేది. తిరిగొచ్చిన రోజున నడుం పట్టుకుని మూలగడం గానీ, చేతులు విదిలించుకోవడం గానీ ఎవరూ చూడలేదు. పెళ్లికి పోయి భోంచేసి వచ్చినవాడిలా ఉండేవాడు.

ఆ సుఖమంతా సైకిలుది. చూడ్డానికి పాత నల్ల సైకిలే. కానీ దాన్ని అతనూ, బస్టాండు పక్కన షాపున్న దస్తగిరీ కలిసి పదిహేనేళ్లుగా సవరించుకుంటూ వచ్చారు. పెడలు అడుక్కి వచ్చినప్పుడు కాలు దాదాపు తిన్నగా సాగేలా సీటు ఎత్తు కుదిర్చారు. అంతకుముందు మోకాళ్లు పీకేవి, ఆ రోజుతో ఆ బాధ పోయింది. హ్యాండిలు మూడు వేళ్లు పైకి లేపారు. అరచేతులకు తిమ్మిరి ఆగింది. గుట్టలెక్కడానికి వెనకచక్రానికి పెద్ద పళ్లచక్రం వేశారు. తోలుసీటు అతను కూర్చునే తీరుకు అలవాటు పడటానికి మాత్రం ఆరు నెలలు తీసుకుంది. టార్పాలిన్‌తో కుట్టించిన రెండు సంచులు వెనకచక్రానికి అటూ ఇటూ కిందుగా వేలాడేవి. రెంటిలోనూ బరువు సమానం. కంకరదారికి టైర్లలో గాలి ఎంత తగ్గించాలో దస్తగిరి బొటనవేలితో నొక్కి చూపించేవాడు.

"సైకిలంటే చొక్కా మాదిరి సామీ. నీ కొలతకు నువ్వు కుట్టించుకోవల్ల," అనేవాడు.

జూన్‌లో శాఖకు కొత్త డిప్యూటీ డైరెక్టరు వచ్చాడు. పేరు వాసుదేవమూర్తి. మంత్రులు కూడా సైకిళ్ల మీద ఆఫీసుకు పోయే ఒకానొక చల్లటి దేశంలో పది రోజుల శిక్షణ పొంది వచ్చినవాడు. అక్కడ ఆయన సైకిలెక్కలేదు, చలి ఎక్కువగా ఉందట. కానీ సైకిళ్ల గురించి పద్దెనిమిది ఉపన్యాసాలు విన్నాడు. ఆ వేడి ఇంకా దిగలేదు. ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద కదిరప్ప సైకిలు కనబడగానే కారాపించి దిగాడు.

"మీరు దీని మీద రెండు వందల అరవై కిలోమీటర్లు పర్యటిస్తున్నారా?"

"అవును సార్."

"సౌకర్యవంతంగా?"

"బాగనే ఉంటాది సార్."

"అద్భుతం! లోపాలేమైనా ఉంటే నిస్సంకోచంగా చెప్పండి."

లోపాలేమీ లేవు. కానీ అంత పెద్దాయన ఎండలో నిలబడి అడుగుతుంటే ఏమీ లేదనడం పొగరుగా ఉంటుందని కదిరప్పకు అనిపించింది.

"ఏం ల్యా సార్. ముందర కమ్మీకి నీళ్లసీసా పెట్టుకునేదానికి చిన్న పట్టీ ఒకటుంటే బాగుంటాది. అంతే."

వాసుదేవమూర్తి ముఖం వెలిగిపోయింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది.

"దూరప్రాంత పర్యటనల యందు సైకిళ్ల సౌకర్యలేమి క్షేత్రస్థాయి సిబ్బందిచే స్వయముగా దృష్టికి తేబడినందున, సదరు సౌకర్యములను సమగ్రముగా అధ్యయనము చేయు నిమిత్తము ‘దూరపర్యటన ద్విచక్ర సౌఖ్య సంఘము’ ఇందుమూలముగా ఏర్పాటు చేయడమైనది. అధ్యయనము ముగియు వరకు సదరు సైకిలు నమూనాగా భద్రపరచబడును. అసౌకర్యవంతమైన పద్ధతులలో పర్యటించుట నిషేధించడమైనది."

ఈ కాగితం తెచ్చి ఇచ్చింది సూపరింటెండెంటు హైమవతి. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఆమెది. నిబంధనల పుస్తకం మొత్తం నోటికొచ్చు. ఏ నిబంధన మంచిదో ఏది చెడ్డదో ఆమె ఎన్నడూ చెప్పలేదు, ఏ నిబంధన ఎన్నో పేజీలో ఉందో మాత్రం చెప్పేది. సైకిలును రికార్డు గదిలో పెట్టించి, ఎర్రతాడు కట్టించి, బెల్లు మీద లక్కసీలు వేయించింది.

"మరి నేనెట్ల పోయేది మేడమ్?" అన్నాడు కదిరప్ప.

"సౌకర్యం వచ్చేదాకా పోనక్కర్లేదు."

"నడిచి పోతా."

"నడక సైకిలు కన్నా అసౌకర్యం కదండీ. నిషేధం దానికి ఇంకా బాగా వర్తిస్తుంది."

"బస్సు పోయే ఊర్లకన్నా బస్సులో పోతా."

"మీరు సైకిలు తనిఖీదారు. బస్సు తనిఖీదారు పోస్టు వేరే ఉంది. ఖాళీగా ఉంది."

"అయితే ఆ ఊర్ల వాన సంగతి?"

హైమవతి పుస్తకం తెరవకుండానే చెప్పింది. "నిబంధన పన్నెండు. తనిఖీదారు నివేదిక అందని చోట వర్షపాతము సాధారణముగా పరిగణింపబడును."

అలా ఆ నెలాఖరుకు ఇరవై రెండు ఊళ్లలోనూ కాగితం మీద సాధారణ వర్షం కురిసింది. జూలైలోనూ కురిసింది. బయట మాత్రం ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది.

సంఘం మొదట సీటు విషయం తీసుకుంది. ప్రభుత్వ సైకిలు వ్యక్తిగతం కాజాలదని, ఒక ఉద్యోగి కాళ్ల కొలతకు తయారుచేస్తే రేపు మరో ఉద్యోగి ప్రశ్నించవచ్చునని వాసుదేవమూర్తి వాదించాడు. అందరూ ఒప్పుకున్నారు. ఆఫీసు వరండాలో పందొమ్మిది మందిని వరసగా నిలబెట్టి దర్జీ టేపుతో కాళ్లు కొలిచారు. వాసుదేవమూర్తి ఆరడుగుల మనిషి. డ్రైవరు, ఇద్దరు గుమాస్తాలు ఇంచుమించు అంతే. సగటు తీసి, ఆ సగటుకు కొత్త సైకిలు ఒకటి తెప్పించి సీటు బిగించారు. కదిరప్ప అయిదడుగుల రెండంగుళాలు. ఎక్కి కూర్చుంటే అతని పాదాలకూ పెడళ్లకూ మధ్య జానెడు ఖాళీ.

సంఘం దీన్ని తీవ్రంగా పరిగణించింది. "సిబ్బంది కాళ్లు నిర్దేశిత ప్రమాణమునకు జానెడు తక్కువగా ఉన్నట్లు గమనించడమైనది" అని రాసుకుంది.

సాంకేతిక నిపుణుడిగా దస్తగిరిని పిలిపించారు. అతను లుంగీ మార్చుకుని, ప్యాంటు వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. సైకిలు చుట్టూ ఒక్కసారి తిరిగాడు.

"సీటు దించండి సార్. రెండు నిమిషాల పని. ఐపోతాది."

ఒక పెద్ద సమస్యను రెండు నిమిషాల్లో తేల్చేస్తాననడం సంఘానికి అవమానంగా తోచింది. దస్తగిరికి టీ ఇచ్చి పంపేశారు. నిపుణుని అభిప్రాయం వ్యక్తిగత స్వభావం గలదైనందున పరిగణనలోకి తీసుకోలేదు. సీటు ఉన్నచోటే ఉంచి, పెడళ్ల మీద జానెడు మందం టేకుదిమ్మెలు బిగించారు.

ఆగస్టులో ఒకనాడు ఎర్రగుట్టపల్లి నుంచి సుంకులమ్మ ఆఫీసుకు వచ్చింది. అరవై దాటిన మనిషి. నాలుగెకరాల్లో చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసే రైతు. కూరగాయల బుట్టలు కట్టుకుని సంతకు పోయే లేడీస్ సైకిలు మీద ముప్పై కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చింది. ఎర్రగుట్టపల్లి వానడబ్బా ఆమె చేని గట్టు మీదే ఉంటుంది కాబట్టి కదిరప్ప ఆమెకు బాగా తెలుసు. సంచిలోంచి వేళ్లతో సహా పీకిన ఒక చెనిక్కాయ మొక్క తీసి అతని బల్ల మీద పెట్టింది. చేత్తో ముట్టుకుంటే ఆకు పొడి అయింది.

"ఏమప్పా కదిరప్పా, మా ఊర్లో వాన బాగా పడిందంట గదా? మండలాఫీసులో కాగితం చూపించినారు. యానాడు పడిందో చెప్పు, నేను నిద్రపోతాంటి ఏమో."

కదిరప్ప తల వంచుకున్నాడు. "నేను రాయల్యా పెద్దమ్మా. నేను రాకపోతే పడినట్లే రాసుకుంటారంట."

"అయితే రా."

"నా సైకిలు లోపలేసినారు."

"ఏం నేరం జేసిందప్పా అది?"

కదిరప్ప సంఘం గురించి చెప్పాడు. సుంకులమ్మ మొత్తం విన్నది. "సెప్టెంబరు ముప్పై లోపల నీ కాగితం రాకపోతే కరువు లేదని తేల్చేస్తారంట. విత్తనం రాదు, గడ్డి రాదు. మా ఎనుము ఇప్పటికే ఎముకలు కనపడేటట్లుంది," అంది. మొక్కను బల్ల మీదే వదిలేసి పోయింది.

ఆ మొక్కను కదిరప్ప తీసి పారేయలేదు. రోజూ దాన్ని చూస్తూ, ఒక్క నీళ్లపట్టీ కోసం నోరు తెరిచినందుకు తనను తాను తిట్టుకున్నాడు. మూడుసార్లు అర్జీ రాశాడు, పాత సైకిలు ఇప్పించమని. మూడింటినీ సంఘం "సౌకర్యము పట్ల సిబ్బంది ఆత్రుతకు నిదర్శనములు"గా నమోదు చేసుకుని పని వేగం పెంచింది.

వేగం పెరిగాక ప్రతి విభాగమూ చెయ్యి వేసింది. వీపుకు ఆనుకోవడానికి కుషన్ వచ్చింది. ఎండకు గొడుగు, ఆ గొడుగు ఎగరకుండా నాలుగు ఇనుపరాడ్లు. గాలికి ఒక ఫ్యాను, ఫ్యానుకు లారీ బ్యాటరీ. ఫైళ్లు రాసుకోవడానికి హ్యాండిలు ముందు మడతబల్ల. బ్యాటరీ ఉంది కనక అగ్నిమాపక సిలిండరు తప్పనిసరి అయింది. ప్రజాసంబంధాల గుమాస్తా ఫిర్యాదుల పెట్టె ఒకటి తాళంతో సహా తగిలించాడు. అధికార భాషను మరిచిపోరాదని నాలుగడుగుల తెలుగు బోర్డు వెనక కట్టారు. తూకం వేస్తే అన్నీ కలిపి నూటపదహారు కిలోలు వచ్చింది. శుభసంఖ్య అని అందరూ సంతోషించారు.

నీళ్లసీసా పట్టీ మాత్రం రాలేదు. సీసా వినియోగ వస్తువు, పట్టీ స్థిరవస్తువు. రెండూ ఒకే ఫైలులో నడవకూడదు. రెండు ఫైళ్లు విడివిడిగా బయల్దేరి, రెండు వేరువేరు బల్లల మీద ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తున్నాయి.

రెండు చక్రాల మీద అది నిలబడలేదు. మరో రెండు చక్రాలు పెట్టారు. "ద్విచక్రమునకు అదనపు చక్రములు" అని రాసి, పేరు మార్చే పని లేకుండా చూసుకున్నారు. ఆఫీసు ఆవరణలో ప్రయోగం జరిగింది. కదిరప్ప టేకుదిమ్మెల మీద లేచి నిలబడి బలమంతా వేసి తొక్కాడు. సైకిలు కదల్లేదు. ఇద్దరు అటెండర్లు వెనక నుంచి తోశారు. గేటు దగ్గర మిట్ట వరకూ పోయి ఆగి, కాస్త ఆలోచించినట్టు నిలబడి, వెనక్కి జారి, రెండు పూలకుండీలు పగలగొట్టి ఆగింది.

"ఉభయ దిశల యందును చలనశీలత నిరూపితమైనది" అని సంఘం రాసింది.

"ఇది గుట్ట ఎక్కదు సార్," అన్నాడు కదిరప్ప, దిగి చెమట తుడుచుకుంటూ.

"మీరు సంకుచితంగా ఆలోచిస్తున్నారు," అన్నాడు వాసుదేవమూర్తి. "సైకిలు నడవడం వేరు, సైకిలు పర్యటించడం వేరు. మనకు కావలసింది పర్యటన. లారీ మీద ఎక్కిద్దాం."

హైమవతి పుస్తకంలోంచి తలెత్తింది. "లారీలో పోతే సైకిలు పర్యటన కింద రాదండి. పర్యటనా కాలమంతా తనిఖీదారు సైకిలు తొక్కుతూ ఉండవలెనని ఉంది."

"తొక్కుతాడు," అన్నాడు వాసుదేవమూర్తి. "లారీ మీద కూర్చుని తొక్కుతాడు. అంతకు మించిన సౌకర్యం ఇంకేముంటుంది?"

సెప్టెంబరు ఇరవయ్యో తేదీ ఉదయం కొబ్బరికాయ కొట్టి పర్యటన ప్రారంభించారు. లారీ తొట్టి మధ్యలో వెనకచక్రం గాల్లో తిరిగేలా దిమ్మెల మీద సైకిలును నిలబెట్టి, తాళ్లతో బిగించారు. దాని మీద గొడుగు కింద, తిరుగుతున్న ఫ్యాను ముందు కదిరప్ప. డ్రైవరు పక్కన క్యాబిన్లో వాసుదేవమూర్తి. చిన్నప్పుడు జాతరలో కూడా కదిరప్ప అంత ఎత్తున ఊరేగలేదు. తనకు తెలిసిన ఊళ్లన్నీ ఒక్కొక్కటే పక్కనుంచి పోతుంటే, ఎవరి ముఖమూ చూడకుండా కిందికి చూస్తూ తొక్కాడు. ఒక మలుపులో గొర్రెలు అడ్డం వచ్చి లారీ ఆగింది. గొర్రెల కాపరి మెడ ఎత్తి చూశాడు.

"ఏమన్నా, యాడికి పోతాండావు?"

"తనిఖీకి."

"లారీ పోతాంది గదా. నువ్వేంటికి తొక్కుతాండావు?"

కదిరప్ప తొక్కడం మాత్రం ఆపలేదు. క్యాబిన్ కిటికీలోంచి అద్దంలో వాసుదేవమూర్తి చూస్తున్నాడు.

పది గంటలకు ఎర్రగుట్టపల్లి వంక వచ్చింది. ఆ రుతువులో మామూలుగా మోకాటి లోతు నీళ్లుండే చోట ఇసుక పొగలు కక్కుతోంది. లారీ సగం దాటి, వెనకచక్రాలు ఇరుసు దాకా దిగబడి ఆగిపోయింది. డ్రైవరు ముందుకీ వెనక్కీ ఊపాడు. ఇంకో అడుగు దిగింది. ట్రాక్టరు దొరికితే తెస్తానని డ్రైవరు నడుచుకుంటూ పోయాడు.

"ఎవరూ కదలకండి. మార్గదర్శకాలు వచ్చేవరకు వేచి ఉందాం," అన్నాడు వాసుదేవమూర్తి, క్యాబిన్లో విసురుకుంటూ.

కదిరప్ప తొక్కడం ఆపాడు. అంత ఎత్తు నుంచి అవతలి గట్టూ, దాని వెనక ఎర్రగుట్టా, చెనిక్కాయ చేలూ అన్నీ ఒకే రంగులో కనబడ్డాయి. గట్టు మీద నుంచి సుంకులమ్మ సైకిలు నడిపించుకుంటూ వస్తోంది. లారీ పక్కన నిలబడి, గొడుగు నుంచి బోర్డు దాకా మొత్తం చూసింది.

"దిగప్పా," అంది.

అతను దిగాడు. ఆ దిగడంలో అతనికి తెలియకుండానే మూడు నెలల బరువు దిగింది. జేబులోంచి పానా తీసి సుంకులమ్మ సైకిలు సీటు తన కాలికి సరిపోయేంత దించాడు. హ్యాండిలు లేపాడు. ఆమె బుట్టల బదులు రెండు ఎరువు సంచుల్లో రిజిస్టర్లూ బట్టలూ సమంగా సర్ది, వెనక అటూ ఇటూ కట్టాడు. తువ్వాలు చింపి నీళ్లసీసాను ముందరి కమ్మీకి బిగించాడు. టైర్లను బొటనవేలితో నొక్కి కాస్త గాలి వదిలాడు. అంతా కలిపి పావుగంట.

"అది ఆమోదిత సైకిలు కాదు!" క్యాబిన్లోంచి అరిచాడు వాసుదేవమూర్తి.

"అవును సార్," అన్నాడు కదిరప్ప మర్యాదగా. ఎక్కి తొక్కాడు.

సుంకులమ్మ చేని గట్టు మీద వానడబ్బా మూత తీశాడు. గరాటులో సాలెపురుగు గూడు కట్టుకుని ఉంది. గూడు చాలా రోజుల నాటిది, ఎక్కడా తడి తగిలిన గుర్తు లేదు. అతను దాన్ని చెరపకుండా లోపలి సీసా తీసి చూసి, రిజిస్టరులో సున్నా రాసి, సంతకం పెట్టి, తర్వాతి ఊరికి పోయాడు. తొమ్మిది రోజులు తిరిగాడు. ఇరవై రెండు సున్నాలు రాశాడు.

ఇక్కడ వంకలో వాసుదేవమూర్తికి పన్నెండింటికి దాహం మొదలైంది. లారీలో ఫ్యాను ఉంది, అగ్నిమాపక సిలిండరు ఉంది, నీళ్లు లేవు. ఫోనుకు సిగ్నలు లేదు. చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చోటు సౌఖ్య సైకిలు సీటు. ఆయన తొట్టిలోకి ఎక్కి, ఆ సీటు మీద కూర్చున్నాడు. పందొమ్మిది మంది సగటు ఆయనకు చక్కగా సరిపోయింది. అక్కడ సిగ్నలు దొరికింది. ప్రధాన కార్యాలయానికీ, తన ఆఫీసుకూ, సహాయం త్వరగా రావాలని కాస్త గట్టిగానే సందేశం పంపాడు.

"ఈ సర్కిల్ అంతటా చుక్క నీరు లభ్యము కాకున్నది. వంకలు, చెరువులు, బావులు సమస్తము ఎండిపోయినవి. పైరు అన్నది కంటికి కనబడుట లేదు. మానవమాత్రుడు ఒక్క పూట జీవించుట దుర్లభము. తక్షణ సహాయము అర్థించడమైనది."

నాలుగింటికి ట్రాక్టరు వచ్చింది.

ఇరవై తొమ్మిదిన కదిరప్ప రిజిస్టరు తెచ్చి హైమవతి బల్ల మీద పెట్టాడు. వాసుదేవమూర్తి దాన్ని తెరవనైనా లేదు.

"ఆమోదం లేని వాహనంపై జరిగిన తనిఖీ చెల్లదు. నివేదిక అందనట్టే. నిబంధన పన్నెండు ప్రకారం వర్షపాతం సాధారణం."

కదిరప్ప రిజిస్టరు తెరిచి ఆయన ముందుకు జరిపాడు. "సార్, ఒక్కసారి చూడండి సార్..."

"పదమూడు కూడా ఉందండి," అంది హైమవతి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"తనిఖీదారు నివేదిక చెల్లనిచో, సదరు సర్కిల్ పరిధిలో నుండి గెజిటెడ్ అధికారి లిఖితపూర్వకముగా తెలిపిన పరిశీలన అంతిమముగా స్వీకరింపబడును. ఇరవయ్యో తేదీన మీ పరిశీలన వచ్చింది సార్. ఇన్‌వర్డు నంబరు వేశాను. కలెక్టరాఫీసుకు నకలు పోయింది."

"అది పరిశీలన కాదమ్మా! దాహమేసి పంపిన సందేశం!"

"కాదంటే రాసివ్వండి సార్. అక్కడ నీళ్లు పుష్కలంగా దొరికాయని, ఊరికే కంగారుపడి అలా పంపానని."

వాసుదేవమూర్తి కలం తీశాడు. అప్పటికే ఇరవయ్యో తేదీన వంకలో వడదెబ్బ తగిలిందని వారం సెలవు తీసుకుని ఉన్నాడు. విధినిర్వహణలో ప్రాణాపాయం నుంచి బయటపడినట్టు స్థానిక పత్రికలో ఫోటోతో సహా వేయించుకున్నాడు. కలం మూత మళ్లీ పెట్టేశాడు.

అక్టోబరు మొదటివారంలో మూడు మండలాలనూ కరువు ప్రాంతంగా ప్రకటించారు. విత్తనం వచ్చింది, పశువులకు గడ్డి వచ్చింది. సుంకులమ్మ సైకిలు కోసం వచ్చి, ఎక్కి చూసి దిగింది.

"నా కాళ్లు నీ మాదిరి పొట్టివి కావప్పా. సీటు ఎత్తియ్యి," అంది. కదిరప్ప ఆమె కాలు కొలత చూసి ఎత్తి ఇచ్చాడు.

నెలాఖరుకు కదిరప్పకు క్రమశిక్షణా ఉత్తర్వు వచ్చింది. హైమవతి బల్ల ముందు నిలబడి చదువుకున్నాడు.

"అధికారి ఆజ్ఞను అతిక్రమించి అనామోదిత సైకిలుపై పర్యటించినందుకు గాను, సదరు తనిఖీదారునకు సౌఖ్య సైకిలును వినియోగించు అర్హత మూడు సంవత్సరముల పాటు రద్దు చేయడమైనది. ఆ కాలమున తన సొంత అసౌకర్యములు తానే భరించవలెను. నమూనాగా భద్రపరచిన సైకిలు క్రమశిక్షణారహితునికి చెందినదైనందున, నమూనా హోదా కోల్పోయి, అతనికే తిప్పి ఇవ్వబడును."

కదిరప్ప రెండుసార్లు చదివాడు. ముఖంలో ఏమీ కనబడనీయకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. తర్వాత వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు.

"మేడమ్, దీని మీద అప్పీలు చేసుకోవచ్చునా?"

"చేసుకోవచ్చు. శిక్ష తగ్గించమనా?"

"ల్యా మేడమ్. నాకు రిటైరుకు ఇంగ మూడేండ్ల నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలు కూడా కలిపేస్తే..."

హైమవతి నిబంధనల పుస్తకం ముందుకు లాక్కుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపిగ్గా తిరగేసింది.

"శిక్ష పెంచమని అడగడానికి నిబంధన లేదండీ," అంది. రికార్డు గది తాళంచెవి తీసి అతని ముందు పెట్టింది. "చివర్లో ఇంకో చిన్న తప్పు చేయండి. మిగతాది నేను చూసుకుంటాను."